రెండుసార్లు తిప్పిన బొమ్మ

లిఫ్టాయన చేసిన వస్తువులన్నీ ఏదో ఒక పనికి వస్తూనే ఉన్నాయి. కాకపోతే ఆయన ఏ పని కోసం చేశాడో ఆ పనికి మాత్రం రావడం లేదు. ఎంతో ముచ్చటపడి అక్కావాళ్ళింటికి చేసిచ్చిన తాళాల పలక, వాళ్ళ వాషింగ్ మెషీను ఊగకుండా ఒక కాలి కింద చేరింది. మేనకోడలికిచ్చిన గోడగడియారం ముళ్ళు ఊడబెరికించుకుని, వేడి గిన్నెలు దింపుకునే పలకగా స్థిరపడింది. భార్య నర్సుగా పనిచేసే ఆసుపత్రికి పంపిన లేళ్ళ గుంపు డ్యూటీ గదిలో ఉంది గానీ, వాటి కొమ్ములకు ఎవరెవరివో మాస్కులు వేలాడుతున్నాయని ఆవిడే నవ్వుతూ చెప్పింది. ఇచ్చినప్పుడు మాత్రం అందరూ "అబ్బ, ఎంత ఓపికండీ మీకు" అన్నవాళ్ళే. ఓపికను పొగిడారంటే వస్తువు గురించి చెప్పడానికి వాళ్ళకేమీ దొరకలేదని గ్రహించడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది.

ముప్పై నాలుగేళ్ళపాటు జనాన్ని పైకీ కిందకీ తిప్పే పెట్టెలను బాగుచేసి, రిటైరైన మర్నాడే పైకీ కిందకీ ఆడే రంపం ముందు కూర్చున్నాడాయన. దాని పేరు స్క్రోల్ సా. చూడ్డానికి కుట్టుమిషన్‌కు దూరపు చుట్టంలా ఉంటుంది. సూది ఉండాల్సిన చోట దారమంత సన్నటి బ్లేడు ఉంటుంది. బట్టను తోసినట్టు చెక్కను తోస్తూ పోతే, బ్లేడు గీత వెంబడి కోసుకుంటూ వస్తుంది. మధ్యలో కన్నం కావాలంటే ముందు డ్రిల్లుతో చిన్న చిల్లు పెట్టి, బ్లేడును ఒక కొస ఊడదీసి ఆ చిల్లులోంచి దూర్చి, మళ్ళీ బిగించాలి. బొమ్మలో వంద కన్నాలుంటే వందసార్లు ఊడదీయాలి, వందసార్లు బిగించాలి. ఇదంతా చూసి ఎవరైనా విసుక్కుంటే లిఫ్టాయనకు నవ్వొచ్చేది. పన్నెండో అంతస్తులో ఆగిపోయిన లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళ తిట్లు వింటూ పనిచేసినవాడికి, తిట్టే నోరే లేని చెక్కతో పనిచేయడం సుఖంగానే ఉంటుంది మరి.

ఇంతకీ ఈ కథ అక్కది.

అక్క టైలరు. లిఫ్టాయనకు సొంత అక్క, ఆ పేటలో మాత్రం అందరికీ అక్కే. ఇంటిపేరు, ఒంటిపేరు ఎవరికీ అక్కర్లేదు, టైలరక్క అంటే చాలు. ఒక మేడమెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలే గదిలో ఇరవై ఆరేళ్ళు కుట్టింది. ఇన్నాళ్ళకు పెద్ద రోడ్డు మీద అద్దాల తలుపున్న షాపు అద్దెకు తీసుకుంది. మూడు వారాల తర్వాత వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు తెరవాలని అనుకున్నారు. బోర్డు రాసేవాడు వచ్చి, పక్కన మీ ఫోటో కూడా వేస్తే బాగుంటుందక్కా అన్నాడు.

"నా మొహం వేస్తే కుట్టించుకోడానికి వచ్చేవాళ్ళు ఎదురుషాపుకి పోతారు బాబూ. కత్తెర బొమ్మ వెయ్యి చాలు" అంది అక్క.

అక్కడున్న నలుగురూ పగలబడి నవ్వారు. అక్క కూడా నవ్వింది. లిఫ్టాయనకు మాత్రం నవ్వు రాలేదు. అక్క ఏ మాట ఎందుకంటుందో ఆయనకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

ఐదేళ్ళ క్రితం ఒకరోజు పొద్దున్నే పళ్ళు తోముకుని పుక్కిలిస్తుంటే, నీళ్ళు ఎడమ పక్కనుంచి జారిపోయాయి. మొహంలో నరం వాచిందన్నారు డాక్టర్లు, మూడు నెలల్లో తగ్గిపోతుందన్నారు. తగ్గింది కూడా. ఎడమ పెదవి మూల కాస్త కిందకి వాలడం, ఎడమ కన్ను రవ్వంత చిన్నదవడం మాత్రం ఉండిపోయాయి. తెలియనివాళ్ళు పోల్చుకోలేరు. తెలిసినవాళ్ళకు అలవాటైపోయింది. అలవాటు కానిదల్లా అక్కకే. అప్పట్నుంచి ఎవరైనా ఫోటో అనగానే "ఇటివ్వు, నేను తీస్తా" అని ఫోను లాక్కునేది. కూతురు డిగ్రీ పట్టా పుచ్చుకున్న రోజు ఫోటోల్లో తల్లి లేదు. తల్లి బొటనవేలు మాత్రం రెండింటిలో అంచున మసగ్గా పడింది.

ఆ బొటనవేలును లిఫ్టాయన మర్చిపోలేకపోయాడు. అందుకే ఆ నవ్వుల మధ్య నిలబడి ఒకటి గట్టిగా అనుకున్నాడు. కొత్త షాపు గోడ మీద అక్క మొహం ఉండాలి, అదీ తను కోసిన చెక్కలో. మొహమాటానికి కాదు, అక్క మనసారా పెట్టుకోవాలి. అది చూసి అక్క నొచ్చుకుందా, ఇంక ఈ రంపం ముందు కూర్చునే మొహం తనకు ఉండదు. అక్క మర్చిపోవాలనుకున్నదాన్ని పనిగట్టుకుని చెక్కలో చెక్కి చేతికిచ్చిన తమ్ముడవుతాడు.

ఫోటో సంపాదించడమే ఒక ప్రహసనమైంది. ఆ వారమే చొక్కాకు గుండీ ఊడిందన్న నెపంతో పాత షాపుకు వెళ్ళాడు. అక్క మెడలో టేపు, కుడి చెవి మీద పెన్సిలుతో, బల్ల మీదకి వంగి గుడ్డ కత్తిరిస్తోంది.

"గుండీ లేని చొక్కాతో బజారంతా తిరిగొచ్చావా? నలుగురూ నన్ను కదరా అంటారు, టైలరుకి తమ్ముడై ఉండి అని" అంటూ తలెత్తి చూసింది. లిఫ్టాయన మెసేజ్ చదువుతున్నవాడిలా ఫోను మొహానికి ఎత్తి నొక్కాడు. ఆ ఫోను ఊరుకుంటుందా, టిక్కుమంది.

"ఏంటది?"

"మెసేజక్కా. కరెంటు బిల్లు" అన్నాడు.

అక్క నమ్మిందో లేదో గానీ, గుండీ మాత్రం కుట్టిచ్చింది.

ఆ ఫోటోను ఫోనులో నలుపు తెలుపుల్లోకి మార్చాడు. ఈ పనిలో చిత్రమేమిటంటే, నల్లగా ఉన్నదంతా కోసి పారేయాలి. మిగిలిన చెక్కే మొహం. వెనకాల నల్లగుడ్డ అతికిస్తే, పారేసినచోటల్లా నీడ కనిపిస్తుంది. కనుబొమలు, ముక్కు పక్క నీడ, పెదాల గీత, చెవి మీద పెన్సిలు, అన్నీ కన్నాలే. ఏ ముక్కా పక్కదాంతో సంబంధం లేకుండా ఒంటరిగా మిగలకూడదు, మిగిలితే ఊడి కింద పడిపోతుంది. రెండు రోజులు కూర్చుని, తెగిపోయేచోటల్లా వంతెనలు గీశాడు. కంటిలో మెరుపు చుక్క ఒకటి ఎంతకీ నిలవకపోతే, దాన్ని రెప్పకు అతికించి ఊపిరి పీల్చుకున్నాడు.

చివరికి పెదవి మూల దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

"కాస్త పైకెత్తండి" అంది నర్సు, టీ కప్పు బల్ల మీద పెడుతూ. ఆవిడ ఇంట్లో కూడా నర్సే. ఎక్కడ నొప్పో అక్కడే వేలు పెడుతుంది. "ఒక్క గీతే కదా. వదిన సంతోషిస్తుంది."

ఎత్తాడు. చెరిపి, గీత సమంగా దిద్ది, కాగితం గోడకు ఆనించి ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు.

"ఎవరండీ ఈవిడ?" అంది చివరికి నర్సు. "ఏదో బ్యాంకువాళ్ళ క్యాలెండరులో చూసినట్టుంది."

"నాకూ తెలీదు" అన్నాడు లిఫ్టాయన. కాగితం తీసుకుని, గీతను మళ్ళీ ఎక్కడుండేదో అక్కడికే దించేశాడు. దించాడే గానీ, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

ఇక చెక్క సంగతి. ఇంతకుముందు చేసిన ప్రతి వస్తువూ చివర్లో ఒకేచోట దెబ్బతినేది. నమూనా కాగితాన్ని మంచివైపు అతికించి కోసేవాడు. తర్వాత కాగితం ఊడేది గానీ జిగురు పూర్తిగా ఊడేది కాదు. నూనె పట్టించగానే జిగురున్నచోట తాగక, బొల్లి మచ్చల్లా తేలేవి. ఈసారి మీద టేకు పొరున్న మంచి ప్లైవుడ్ కొన్నాడు. ఆ టేకు పొరమీద జిగురు చుక్క కూడా పడకూడదని, కాగితాన్ని పలక వెనకవైపు అతికించాలని నిర్ణయించాడు. వెనకనుంచి కోస్తే ముందువైపు బొమ్మ తిరగబడి వస్తుంది కాబట్టి, కాగితం మీద ముందే బొమ్మను తిప్పి ముద్రించాలి. అద్దంలో చూసినట్టన్నమాట. అంత తెలివైన ఆలోచన తనకే వచ్చినందుకు లోలోపల మురిసిపోయాడు కూడా.

ఇంట్లోనే ఫోనులో బొమ్మను తిప్పాడు. ప్రింటు షాపుకు వెళ్ళాడు. అక్కడి కుర్చీలో నిరీక్షిస్తూ ఉండగా, తిప్పానా లేదా అని అనుమానం వచ్చింది. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒక్క బోల్టును రెండుసార్లు చూడకుండా వదలని మనిషి. అందుకని లేచి, "బాబూ, దాన్ని కుడిఎడమలు తిప్పి కొట్టు" అన్నాడు. వాడు తిప్పి కొట్టాడు. రెండుసార్లు తిప్పింది ఎక్కడికి వస్తుంది? బయల్దేరిన చోటికే వస్తుంది. జాగ్రత్త మరీ ఎక్కువై లిఫ్టాయన పప్పులో కాలేశాడు. ఆ సంగతి మీకూ నాకూ తెలిసింది గానీ ఆయనకింకా తెలీదు.

కాగితాన్ని పలక వెనకవైపు అతికించి చూసుకుంటే, అందులో అక్క అచ్చం అక్కలాగే ఉంది. నిజానికి అనుమానం రావాల్సింది అప్పుడే. కానీ కళ్ళకు సరిగ్గా కనిపించేదాన్ని ఎవరు అనుమానిస్తారు?

టేకు పొర కిందవైపు ఉంటుంది కాబట్టి, బ్లేడు కిందకి దిగినప్పుడు అంచులు పీచులు లేస్తాయి. అలా లేవకుండా దాని కింద ఒక పనికిమాలిన పలచటి పలకను చేర్చి, చుట్టూ టేపు బిగించాడు. లేచే పీచులేవో దానికే లేస్తాయి. నూట పద్దెనిమిది చిల్లులు పెట్టాడు. ఆ తర్వాత ఎనిమిది రోజులు వెనక వరండాలో చిర్రుమనే చప్పుడు తప్ప మరో మాట లేదు. బ్లేడు తెగేముందు చప్పుడు మారుతుందని ఆయనకు బాగా తెలుసు. లిఫ్టు మోటార్ల దగ్గర ఆరితేరిన చెవులవి. అయినా తొమ్మిది తెగాయి. సన్నపనులన్నీ ముందు, పెద్దవి తర్వాత కోయాలన్నది ఈ పనిలో నియమం. చుట్టూ చెక్క గట్టిగా ఉన్నప్పుడే సున్నితమైనవి కోస్తే విరగవు. లిఫ్టాయన కళ్ళు కోశాడు, ముక్కు కోశాడు, పెన్సిలు కోశాడు, జుట్టంతా పాయలుపాయలుగా కోశాడు. పెదవి మూల మాత్రం అలాగే ఉంచాడు. నియమం తప్పుతున్నానని తెలుసు. చెయ్యి అటు పోతే కదా.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఇక కోయడానికి అదొక్కటే మిగిలింది. మెషీను వేగం బాగా తగ్గించి, ఊపిరి బిగబట్టి, చెక్కను వేలి కొసలతో తిప్పాడు. ఐదేళ్ళుగా అందరూ చూసీ చూడనట్టు తప్పుకుపోతున్న ఆ చిన్న వంపు చుట్టూ బ్లేడు నిదానంగా వెళ్ళి, నిదానంగా తిరిగొచ్చింది. ఏమీ విరగలేదు. గోరంత ముక్క ఒళ్ళో పడింది. లిఫ్టాయన మెషీను ఆపి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకున్నాడు. రంపంపొట్టు పడిందని తనకు తనే చెప్పుకున్నాడు.

కాగితానికి టర్పెంటైను పట్టించి ఒలిచేశాడు. నూట పద్దెనిమిది కన్నాల అంచులనూ గరుకు కాగితం సన్నగా చుట్టిన పుల్లతో రుద్దాడు. బ్రష్షుతో దుమ్ము దులిపి, వెడల్పాటి ట్రేలో అవిసె నూనె పోసి, పలకను అందులోకి జార్చాడు. ఈ ఒక్క క్షణం కోసమే ఈ తిప్పలన్నీ పడుతున్నానేమో అని ఆయనకెప్పుడూ అనిపించేది. అప్పటిదాకా పాలిపోయి ఉన్న చెక్కకు ఒక్కసారిగా ఒంట్లోకి రక్తం వచ్చినట్టయింది. టేకు చారలు అక్క చెంపల మీదుగా మెల్లగా తేలాయి. మచ్చ లేదు, మరక లేదు. తుడిచి, ఆరబెట్టి, నూనె గుడ్డల్ని వేటికవి విడదీసి తీగమీద పరిచాడు. ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆ గుడ్డల పక్కనే తన యూనిఫారం ఆరేసి ఉందని నర్సు తర్వాత చాలాసేపు గుర్తుచేసింది.

శనివారం మధ్యాహ్నానికి వెనకాల నల్లగుడ్డ పలక బిగించి, చుట్టూ ఫ్రేము కట్టి, బల్ల మీద నిలబెట్టాడు. డ్యూటీ దిగి వచ్చిన నర్సు చెప్పులైనా విప్పకుండా దాని ముందు నిలబడిపోయింది.

"ఎంత..." అని ఆగింది. లిఫ్టాయన గుండె గుభేలుమంది. ఓపిక అంటుందనుకున్నాడు.

"ఎంత బాగుందండీ" అంది నర్సు. లిఫ్టాయనకు ప్రాణం లేచొచ్చింది. ఆ సుఖం పూర్తిగా పది సెకన్లు కూడా లేదు. "అవునూ, వదిన పెన్సిలు ఎడమ చెవికి ఎప్పట్నుంచి పెట్టుకుంటోంది?"

లిఫ్టాయన చూశాడు. ఫోను తీసి ఫోటో చూశాడు. మళ్ళీ బొమ్మ చూశాడు. పెన్సిలొక్కటేనా? పాపిడి తిరగబడింది. చిన్న కన్ను అటు పోయింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎనిమిది రోజులు భయపడి భయపడి కోసిన ఆ పెదవి మూల ఎడమ చెంప వదిలి కుడి చెంపకు చేరింది. ఇంట్లో ఒకసారి, షాపులో ఒకసారి తిప్పిన సంగతి అప్పుడు బుర్రకెక్కింది. స్టూలు మీద కూలబడ్డాడు.

"మా ఆసుపత్రిలో అయితే దీన్ని కుడికాలి బదులు ఎడమకాలు కోయడం అంటారు" అంది నర్సు. అన్న తర్వాత మొగుడి మొహం చూసి, పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేసింది. "పోనీలెండి. వెనకవైపు తిప్పి పెడితే?"

వెనకవైపు జిగురు మరకలతో, నాసిరకం పొరతో చూడలేకుండా ఉంది. మళ్ళీ చేయాలంటే పది రోజులు. షాపు తెరిచేది రేపు. "లేని రోగం అంటగట్టాను. ఎడమవైపు ఉన్నది చాలక కుడివైపు కూడా తెచ్చిపెట్టాను" అన్నాడు లిఫ్టాయన.

ఆదివారం పొద్దున బొమ్మను పాత దుప్పటిలో చుట్టి సంచిలో పెట్టాడు. ఇవ్వడానికి కాదు, ఇంట్లో వదలడానికి మనసొప్పక. తలుపు తాళం వేసేటప్పుడు నర్సు ఆ సంచి వైపు చూసి, తాళంచెవి తన బ్యాగులో వేసుకుంది.

కొత్త షాపు తళతళలాడుతోంది. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. రెండు మిషన్లు కిటికీ పక్కన వెలుతురులో ఉన్నాయి. కొలతలిచ్చేవాళ్ళు నిలబడేచోట నిలువెత్తు అద్దం ఒకటి గోడకు బిగించి ఉంది. అక్క పాత షాపునుంచి తెచ్చిన వస్తువు అదొక్కటే. ఆ అద్దం పక్కన గోడంతా ఖాళీ. బావ నిచ్చెనెక్కి ట్యూబులైటు సరిచేస్తున్నాడు. మేనకోడలు దారపు కండెల్ని రంగుల వారీగా సర్దుతోంది. వాళ్ళను చూడగానే లిఫ్టాయన సంచిని తలుపు వెనక దాచాడు. తేలు కుట్టిన దొంగలా అటే చూస్తూ నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళుగా మనుషుల్ని కొలుస్తున్న అక్కకు అది తెలియకుండా ఉంటుందా?

"ఆ సంచిలో ఏంటిరా?"

"ఏం లేదక్కా. దుప్పటి."

"షాపు తెరిస్తే దుప్పటి తెస్తారా ఎవరైనా?" అంటూ అక్క తనే వెళ్ళి విప్పింది.

బొమ్మను బయటకు తీసి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. మేనకోడలు చేతిలో కండె అలాగే ఉండిపోయింది. అమ్మ ఫోటోల సంగతి తెలిసిన పిల్ల కాబట్టి, ముందు అమ్మ మొహం చూసి, తర్వాతే బొమ్మను చూసింది. "మామయ్యా, చాలా బాగుంది. కానీ ఏదో... ఏదో తేడాగా ఉంది" అంది మెల్లగా.

బావ నిచ్చెన మీదనుంచే చూశాడు. ఆయనకు మెల్లగా అనడం చేతకాదు. "తేడా ఏంటే, తిరగేసి చేశాడు. బామ్మర్దీ, మీ అక్క మూతి వాలింది ఇటు కదయ్యా, నువ్వు అటు పెట్టావు."

ఐదేళ్ళలో అక్క ముందు ఆ మాట ఎవరూ అనలేదు. అన్న తర్వాత బావకే తెలిసొచ్చి, ట్యూబులైటు వైపు తిరిగి దాన్ని అనవసరంగా మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. ప్రింటు షాపు గురించి, జిగురు గురించి, టేకు గురించి చెప్పబోయి, లిఫ్టాయన దుప్పటిని తీసి మడతపెట్టాడు.

అక్క ఎవరి వైపూ చూడలేదు. బొమ్మను పట్టుకుని నిలువెత్తు అద్దం దగ్గరికి నడిచింది. దాన్ని అద్దం పక్కన ఖాళీ గోడకు ఆనించి పట్టుకుని, అద్దంలోకి చూసింది. బొమ్మను చూసింది. మళ్ళీ అద్దంలోకి చూసింది. అద్దంలో వాలిన పెదవి ఎటుందో బొమ్మలోనూ అటే ఉంది. చిన్న కన్ను అటే ఉంది. పెన్సిలూ అద్దంలో ఉన్నవైపే ఉంది. ఇరవై ఆరేళ్ళుగా వచ్చినవాళ్ళందరి వెనకా నిలబడి, భుజాలు సరిచేస్తూ, ఆ అద్దంలో రోజంతా తను చూసుకునే మనిషే అది.

"నేనే" అంది అక్క.

ఎవరికీ అర్థం కాలేదు.

"నాకు నేను కనపడేది ఇలాగే. మీ ఫోన్లలో ఉండేదెవరో నాకు తెలీదు. అందులో మూతి అటుపక్కకి పోయి, ఎవర్నో పరాయిదాన్ని చూసినట్టుంటుంది. చూసినప్పుడల్లా మళ్ళీ కొత్తగా ఆ రోగం వచ్చినట్టే ఉండేది" అంది. అంటూనే బొమ్మను తిప్పి వెనకవైపు చూసింది, బట్టకు కుట్టు ఎలా వేశారో తిరగేసి చూసే అలవాటున్న మనిషి కదా. ఫ్రేము అంచున, నల్లగుడ్డ పలక కప్పనిచోట ఒక జిగురు మరకను గోటితో గీరింది. "గీత వెనక్కి వేసి, కోసేటప్పుడు తిప్పడం మర్చిపోయావు, అంతేనా? కొత్తలో నేనూ చేశాను. ఒకావిడకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను."

"రెండుసార్లు తిప్పానక్కా" అన్నాడు లిఫ్టాయన.

నర్సు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ నిచ్చెన మీద ధైర్యం తెచ్చుకుని ఇటు తిరిగాడు.

అక్క బొమ్మలో పెదవి మూలను చూపుడువేలితో తడిమింది. అక్కడ అంచు ఎంత నున్నగా ఉందంటే వేలు ఎక్కడా ఆగలేదు. "ఇది సరిచేసి ఉండొచ్చుగా. చెక్కేగా. ఎవరడిగేవాళ్ళు?"

"చేశాను. చేస్తే అందులో నువ్వు రాలేదు."

అక్క కూతుర్ని మేకూ సుత్తీ తెమ్మంది. బావ దిగబోతే వద్దని, నిచ్చెన తన వైపు జరిపించుకుని, గోడ మీద టేపుతో కొలిచి, చెవి మీది పెన్సిలుతో గుర్తుపెట్టి, తనే కొట్టుకుంది. బొమ్మను తగిలించి, ఒకపక్క వాలిందేమోనని రెండుసార్లు సరిచేసింది. లిఫ్టాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, నర్సు చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి రంపంపొట్టు వంక కూడా లేదు.

కిందకి దిగి చేతులు దులుపుకుంటూ అక్క తమ్ముడి వైపు తిరిగింది.

"ఇంకోటి చేస్తావా?"

"ఎవరికక్కా?"

"నాకే. ఈసారి ఒక్కసారే తిప్పు. మీరంతా రోజూ చూసే మొహం ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలీదు. ఐదేళ్ళు తప్పించుకు తిరిగాను, ఇక చూడాలి." మిషను ముందున్న స్టూలును వెలుతురు వైపు లాక్కుని కూర్చుంది. మెడలో టేపు సర్దుకుంది. "ఫోటో తీసుకో. కరెంటు బిల్లు కబుర్లేం చెప్పక్కర్లేదు."

లిఫ్టాయన ఫోను ఎత్తాడు. వెలుతురు సరిపోలేదని ఒక అడుగు పక్కకి జరిగాడు.

"తీశావా?"

"ఇంకా లేదక్కా."

"తొందరగా తియ్యరా. నవ్వొస్తోంది నాకు."

"నవ్వు" అన్నాడు తమ్ముడు.